షెడ్డులో అందరూ నార్మలే

తాండూరు
11 మార్చి 2024

బామ్మర్ది పాండురంగానికి,

నీ చెవులు తప్ప మిగతా అవయవాలన్నీ కులాసాగా ఉన్నాయని తలుస్తాను. నీ ఎర్రకలానికి భయపడి ఈ ఉత్తరం పుస్తకాల భాషలో రాస్తున్నాను. పోయినసారి నా ఉత్తరాన్నే దిద్ది, పదికి ఆరు మార్కులు వేసి తిరుగు టపాలో పంపావు. అరవై ఏళ్ళ బావకు ఆరు మార్కులా? సిగ్గుండాలి నీకు. సంతోష్ ఏమో ఫోనులో రాసి పంపు నాన్నా అంటాడు. ఆ చీమల అక్షరాలు నాకు కనబడవని నువ్వంటావు. ఫోను చేద్దామంటే నీకు వినబడదు. కాబట్టి పోస్టాఫీసు మన ఇద్దరి పుణ్యాన ఇంకా నడుస్తోంది.

ఈసారి ఉత్తరంతో ఒక ఇంగ్లీషు కాగితం పెట్టాను. మన ఇంటి ఆనవాయితీ నీకు తెలిసిందే. కరెంటు వాళ్ళ నోటీసైనా, బ్యాంకు వాళ్ళ కాగితమైనా ముందు వికారాబాద్ పోయి నీ కళ్ళద్దాల కింద పడి రావాలి. సంతోష్ చదవలేడని కాదు. డిగ్రీ పాసయ్యాడు, సెల్‌ఫోన్ల దుకాణంలో రోజంతా ఇంగ్లీషే. మీ అక్క నమ్మదు. "వాడు అన్నిటికీ ఓకే అంటడు. మా తమ్ముడు సూసి చెప్తెనే నాకు మనసున వడుతది" అంటుంది.

సంగతేమిటంటే, పోయిన ఆదివారం మా రాళ్ళ పాలిష్ షెడ్డులో సేటు ఆరోగ్య శిబిరం పెట్టించాడు. ఇద్దరు డాక్టర్లు, ఒక నర్సమ్మ, ఒక మడత బల్ల. ఇరవై రెండు మందిమీ వరసగా నిలబడ్డాం. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టారు, నాడి చూశారు, వేలు పొడిచి రక్తం తీశారు, బరువు తూచారు, గోడ మీద అక్షరాలు చదివించారు, నోరు తెరిపించి పళ్ళు చూశారు. గంటన్నరలో అందరం అయిపోయాం. తలా ఒక కాగితం చేతిలో పెట్టారు. నా కాగితంలో ఆరు వరసల్లోనూ ఒకటే మాట. "నార్మల్ నాన్నా" అన్నాడు సంతోష్. అంటే మంచిదా, పర్వాలేదా, ఏదో తోసెయ్యడానికి రాశారా? నీకు ఎలాగూ పనీపాటా లేదు. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు విప్పి రాయి.

మీ అక్కకు నా దగ్గు మీద అనుమానం. రాయి కోసేవాడు దగ్గక ఇంకేం చేస్తాడని నేను. ఈ ఏడు ఎండలు ముందే వచ్చాయి. షెడ్డు బోరు ఎండిపోయింది. నీళ్ళు పోస్తూ కోయాల్సిన రాయిని పొడిగానే కోస్తున్నాం. సాయంత్రం నన్ను చూసి, "పిండి గిర్నీల పన్జేసి వచ్చినవా ఏంది?" అంటోంది మీ అక్క.

నీ బావ
హనుమంతు


వికారాబాద్
15 మార్చి 2024

బావకు నమస్కారాలు,

ఈసారి ఏడు మార్కులు. "కులాసా" సరిగ్గా రాసినందుకు ఒక మార్కు కలిపాను.

కాగితం చూశాను. జిరాక్స్ ఒకటి నా దగ్గర ఉంచుకుని అసలుది ఇందులో పెడుతున్నాను. బావా, నువ్వు అడిగిన మాట మామూలు మాట కాదు. చెవుడు వచ్చి బడి మానేశాక ఇన్నేళ్ళకు నన్ను పాఠం చెప్పమని అడిగినవాడివి నువ్వొక్కడివే. కుదురుగా కూర్చుని విను.

పూర్వం రోము నగరంలో లాటిన్ భాష మాట్లాడేవారు. ఆ భాషలో "నార్మా" అని ఒక పనిముట్టు. వడ్రంగులు, రాతిపని వాళ్ళు మూల సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునేది. తెలుగు పుస్తకాల్లో మూలమట్టం అంటాం. నీ షెడ్డు భాషలో గునియా. అవును బావా, నువ్వు ముప్పై ఏళ్ళుగా బండ మూలకు ఆనించి చూసే ఆ ఇనుప గునియాయే! దానికి సరిపోయినది నార్మల్. నీ చేతిలో ఉన్న వస్తువు రోము నుంచి లండన్ పోయి, అక్కణ్ణుంచి డాక్టరు కాగితం మీదికి వచ్చింది.

ఇంగ్లీషు వాళ్ళు మొదట దీన్ని లెక్కల్లో వాడారు. అడ్డగీత మీద నిట్టనిలువుగా నిలబడ్డ గీత నార్మల్. సుమారు రెండు వందల ఏళ్ళ కిందట అర్థం పెరిగింది. ఎలా ఉండాలో అలా ఉన్నదీ, పదిమందిలాగా ఉన్నదీ నార్మల్ అయింది. పంతుళ్ళను తయారుచేసే బడులకు నార్మల్ స్కూళ్ళని పేరు పెట్టారు, పంతుళ్ళంతా ఒకే కొలతకు రావాలని. గునియా దాటి పోయినదాన్ని "ఎనార్మస్" అన్నారు. ఉదాహరణకు మా అక్క కోపం. ఇప్పుడు మన దగ్గర కాన్పు నార్మలే, సెలవు దినం కాకపోతే బస్సులు నార్మలే. మొన్న వికారాబాద్ స్టేషన్లో నీళ్ళ సీసా అడిగితే ఆ దుకాణంవాడు రెండు వేళ్ళు చూపించి నోరు ఆడించాడు. చల్లనిదా, నార్మలా అని. వినబడకపోయినా అర్థమైంది.

కాబట్టి డాక్టరు నీ ఒంటికి గునియా పెట్టి చూశాడు బావా. ఆరు చోట్లా మూల తప్పలేదు. నువ్వు కోసిన బండలాగే నిలువుగా, నిఖార్సుగా ఉన్నావు. ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదు. అక్కకు ఇదే మాట నా మాటగా చెప్పు. దుమ్ము దగ్గుకు రాత్రిళ్ళు మిరియాల పాలు తాగు, సరిపోతుంది.

నీ బామ్మర్ది
పాండురంగం


తాండూరు
22 మార్చి 2024

పాండురంగం,

నీ ఉత్తరం మా షెడ్డులో పండగ చేసింది. మీ అక్క రెండుసార్లు చదివించుకుని, కళ్ళు తుడుచుకుని, కంది పప్పు కొత్తది పట్టించి నీకు పంపుతానంటోంది. నేను ఉత్తరాన్ని షెడ్డుకు తీసుకుపోయి చాయ్ సమయంలో అందరికీ చదివి వినిపించాను. గునియా దగ్గరికి వచ్చేసరికి మావాళ్ళు ఈలలు వేశారు. మన పనిముట్టు పేరు డాక్టర్లు వాడుకుంటున్నారని ఒకటే గర్వం. అందరి కాగితాల్లోనూ అదే మాట ఉందిగా, అందరూ నీ ఉత్తరం తమకే రాశావనుకున్నారు. మా సూపర్‌వైజర్ దశరథ్ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి స్విచ్‌బోర్డు పక్కన గోడకు అంటించాడు. మిషను ఆన్ చేసినప్పుడల్లా నీ చేతిరాత కనబడుతుంది.

మొహసిన్ నీకు సలాం చెప్పమన్నాడు. నా పక్క మిషను అతనిదే. రోజాలు ఉంటూ కూడా పని మానడు. మనిషి బాగా చిక్కాడు, నాలుగు మెట్లు ఎక్కితే ఆగిపోతాడు. అతని బిడ్డ సబా డిగ్రీ చదువుతుంది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయి ఛాతీ స్కానింగ్ చేయిస్తానని తారీఖు కూడా తీసుకుంది, రంజాన్ అయ్యాక. ఇప్పుడు మొహసిన్ ఆ ప్రయాణం మానుకున్నాడు. "మాస్టర్ సాబ్ గంత ఖుల్లగ రాసినంక ఇంగ ఫికర్ ఏంది భాయ్? ఒక్కదినం పని ఖరాబ్" అన్నాడు. నీ ఉత్తరం ఒక్క రోజు కూలి నిలబెట్టిందన్నమాట.

ఒక్క మాట అడగాలనిపించింది. తప్పుపట్టకు. గునియా నీకు లాటిన్లో తెలుసు, నాకు చేతిలో తెలుసు. అది కూడా అరుగుతుంది పాండురంగం. కింద పడితే వంగుతుంది. వంగిన గునియాతో వంద బండలు కోస్తే వందా ఒకేలా తప్పుగా వస్తాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తప్పే కనబడదు. అందుకని మేం గునియాను పరీక్ష చేస్తాం. బండ అంచుకు ఆనించి ఒక గీత గీస్తాం. దాన్ని తిరగేసి మళ్ళీ అదే చోట గీస్తాం. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే గునియా మంచిది. విడిపోతే పారెయ్యాలి. మరి డాక్టర్ల గునియాను ఎవరు తిరగేస్తారు? ఇరవై రెండు మందిలో ఒక్కడికీ తేడా లేకపోవడమేమిటి? మొహసిన్‌కీ నాకూ దశరథ్‌కీ ఒకటే మాట ఎట్లా వచ్చింది?

నీ బావ
హనుమంతు


వికారాబాద్
28 మార్చి 2024

బావకు,

పప్పు అందింది. అక్క చేతి మూట విప్పగానే ఇల్లంతా కమ్మటి వాసన. నా ఉత్తరం గోడ ఎక్కిందని చదివి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పాను. ఏ పిల్లవాడూ నా మాటను గోడకు అంటించలేదు. ఈలలు వేసినవాళ్ళు మాత్రం ఉన్నారు.

నీ ప్రశ్న చదివి కొంచెం నొచ్చుకున్నాను. దాచుకోవడం దేనికి? నువ్వు బండ మీద అనుమానపడు, సేటు మీద అనుమానపడు. నా ఇంగ్లీషు మీద పడకు. ఆ మాటకు అర్థం నేను రాసిందే. కావాలంటే సంతోష్‌ను ఫోనులో చూడమను. అందరికీ ఒకటే ఎలా వచ్చిందంటావు. నార్మల్ అంటేనే ఎక్కువ మంది ఎలా ఉంటారో అలా ఉండడం. పది మంది దగ్గే చోట దగ్గు నార్మలే, అందులో వింతేముంది? మొన్న నా చెవుల డాక్టరు కూడా కాగితం మీద రాసి చూపించాడు, ఈ వయసుకు ఈ చెవుడు నార్మలేనని. నేను ఏడుస్తున్నానా?

సూది చూస్తే పారిపోయేవాడివి నువ్వు. పెళ్ళిలో కంకణం కట్టేటప్పుడు కూడా చెయ్యి వణికింది నీకు, నేను చూశాను. ఆ పిరికితనానికి గునియా అడ్డం పెట్టకు. మొహసిన్‌కు నా సలాం. రోజాలు అయ్యాక కడుపునిండా తినమను, మనిషి కోలుకుంటాడు.

నీ బామ్మర్ది
పాండురంగం


తాండూరు
9 జూన్ 2024

పాండురంగానికి,

రెండు నెలలు ఉత్తరం రాయలేదు. నువ్వు రాసిన రెండింటికీ జవాబు ఇవ్వలేదు. కోపం కాదు. నువ్వు పిరికితనం అన్నాక ఏం రాయాలో తెలియలేదు.

మొహసిన్ పోయాడు. బుధవారం మిషను దగ్గరే కూలబడ్డాడు. మేం నలుగురం ఎత్తి ఆటోలో వేసి ఇక్కడి దవాఖానకు తీసుకుపోయాం. గాలి అందక పెదాలు నల్లబడ్డాయి. నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. శుక్రవారం పొద్దున నమాజు వేళకు అయిపోయింది. నలభై ఆరేళ్ళు.

ఖబరస్తాన్ నుంచి వచ్చాక వాళ్ళ ఇంటికి పోయాను. అతని భార్య గుల్జార్ బేగం ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "అన్నా, గిండ్ల అంత మంచిగున్నదనే రాసిన్రు గద. మరి గిట్ల ఎట్లాయె?" అని అడిగింది. అరవలేదు, తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. సబా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ పిల్ల అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "చాచా, అబ్బాను నేను తీస్కపోతుంటి. తారీఖు గూడ తీసుకున్న. మీరు ఉత్తరం సదివిన దినమే, వద్దు బేటీ, మాస్టర్ సాబ్ చెప్పిండు అన్నడు."

నిన్ను అనడానికి ఇది రాయడం లేదు. ఉత్తరం నువ్వు నాకు రాశావు. షెడ్డులో చదివింది నేను. నా నోటితో చదివాను, నవ్వుతూ చదివాను.

ఇంకో సంగతి. నేను ఏడాదిగా పడుకుని నిద్రపోవడం లేదు. పడుకుంటే ఊపిరి ఆడదు. గోడకు మూడు దిండ్లు పెట్టుకుని కూర్చుని కునుకు తీస్తాను. నీకు ఎప్పుడూ రాయలేదు. దాచాలని కాదు పాండురంగం. షెడ్డులో అడిగితే సగం మంది అట్లాగే పడుకుంటామన్నారు. ఈ వయసుకు అందరికీ అంతేననుకున్నాను.

హనుమంతు


వికారాబాద్
13 జూన్ 2024

బావా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. భోజనం ముందు కూర్చుని విప్పాను. విప్పకుండా ఉంటే బాగుండునని ఇప్పటికి పదిసార్లు అనుకున్నాను.

నీ కాగితం జిరాక్స్ నా బీరువాలో ఉంది. తీసి బల్ల మీద పరిచాను. మార్చిలో నేను ఆ కాగితంలో ఒక్క మాటే చదివాను, బావా. ఆ మాట పక్కన ఏముందో చదవలేదు. నిన్న చదివాను. రక్తపోటు, నాడి, చక్కెర, బరువు, చూపు, పళ్ళు. ఆరు వరసలు. ఊపిరితిత్తులు అనే వరసే లేదు. పొద్దస్తమానం రాతి దుమ్ము మింగే మనుషులకు పళ్ళు చూశారు, ఛాతీ మీద గొట్టం పెట్టి చూడలేదు. పెట్టి ఉంటే నువ్వు రాసేవాడివి. నువ్వు వరసగా అన్నీ రాశావు, నేను దాన్ని కూడా చదవలేదు. పాఠం చెప్పే అవకాశం దొరికిందని ఎగిరి గంతేశాను. ఏ పిల్లవాడైనా ప్రశ్న సరిగ్గా చదవకుండా జవాబు రాస్తే నేను సున్నా వేసేవాణ్ణి.

నువ్వు గునియా గురించి అడిగింది నా ఇంగ్లీషు మీద అనుమానం కాదు. ప్రాణం మీద అనుమానం. దాన్ని నేను పిరికితనం అన్నాను. పది మంది దగ్గే చోట దగ్గు నార్మలేనని నా చేత్తో రాశాను. ఆ వాక్యం నన్ను వదలడం లేదు.

సబాకు నేనేం చెప్పను? ఉత్తరం రాద్దామని కూర్చుని మూడు కాగితాలు చించాను. తప్పయిందమ్మా అంటే ఆ పిల్లకు తండ్రి వస్తాడా?

నువ్వు రేపటి నుంచి మిషను ముట్టుకోకు. బతిమాలుతున్నాను. సంతోష్‌ను వెంటబెట్టుకుని హైదరాబాద్ పో. స్కానింగ్ చేయించు. అక్క నన్ను చంకనేసుకుని బడికి తీసుకుపోయిన మనిషి. ఆమె మొహం ఎలా చూడాలో నాకు తెలియడం లేదు.

పాండురంగం


తాండూరు
20 జూలై 2024

పాండురంగానికి,

హైదరాబాద్ పోయి వచ్చాం. రెండుసార్లు. మొదటిసారి స్కానింగ్ మిషను పనిచేయడం లేదన్నారు, రెండోసారి చేశారు. ఈసారి కాగితం నీకు పంపడం లేదు. అలిగి కాదు. అక్కడ డాక్టరమ్మ తెలుగులోనే చెప్పింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిందట. సిలికోసిస్ అంటారట. అది వెనక్కి పోదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే, మళ్ళీ దుమ్ములోకి పోతే ఉన్నది కూడా పోతుందని చెప్పింది. ఎన్నేళ్ళని సంతోష్ అడిగాడు. ఆమె నా వైపు చూసి, మీకు తెలిసిన పని ఇదొక్కటేనా అని అడిగింది. ఔనన్నాను. ఆమె మందుల చీటీ రాసి సంతోష్ చేతికిచ్చింది.

అంత పెద్ద కాగితంలో నీ మాట ఒక్కసారే వచ్చింది. గుండె సైజు నార్మల్ అట. మీ అక్కకు ఆ వరస ఒక్కటి వేలు పెట్టి చూపించాను. గుండె మంచిగుంటే అంతా మంచిగున్నట్టేనని గుడికి పోయి కొబ్బరికాయ కొట్టింది. నువ్వు దానికి చెప్పకు. నేనే చెప్తాను, కొంచెం ఆగి.

నీ మీద నాకు కోపం ఉందేమోనని నాలుగు ఉత్తరాల్లో అడిగావు. ఉండింది. మొహసిన్ పోయిన వారం ఉండింది. ఇప్పుడు లేదు. నువ్వు మంచికే కాగితం చదవబోయి తప్పు చదివావు. సేటు పిలిపించిన డాక్టర్లు చూడాల్సింది చూడలేదు. నేను ముప్పై ఏళ్ళు నోటికి గుడ్డ కట్టుకోలేదు, చెమట పడుతుందని. ఎవరి మీదని కోపం పెట్టుకోను?

ఇప్పుడు నీతో పని పడింది. నీ ఉత్తరం ఇంకా ఆ స్విచ్‌బోర్డు పక్కనే ఉంది. మొన్న పోయి, అది తప్పు, దాన్ని తీసెయ్యండి, అందరూ ఛాతీ చూపించుకోండి అని చెప్పాను. దగ్గుతూ దగ్గుతూ చెప్పాను. నవ్వారు. "నీకు ఇంగ్లీష్ వస్తదా హనుమంతన్నా? రాసిన మాస్టర్‌ను చెప్పమను" అన్నారు. కర్ణాటక వైపు నుంచి ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు. దశరథ్ వాళ్ళకు కూడా నీ ఉత్తరమే చూపించి భయం లేదని చెప్తున్నాడు. నా మాట చెల్లదు. నీ మాట చెల్లుతుంది.

శుక్రవారం నేనూ మీ అక్కా మీ ఇంటికి వస్తున్నాం. నెల నెలా హైదరాబాద్ పోవాలి, అక్కడి నుంచైతే దారి తక్కువ. మేం వచ్చాక నువ్వు ఇక్కడికి పో. మన ఇంట్లో ఉండు, సంతోష్ ఉంటాడు. షెడ్డుకు పోయి నీ నోటితో చెప్పు, ఆ ఉత్తరం నీ చేత్తో తీసి తీసుకురా. ఆ కొత్తవాళ్ళతో కలిపి ఇంకా ఇరవై రెండు మంది ఉన్నారు. ఇదొక్కటి చేసి పెట్టు.

నీ బావ
హనుమంతు


తాండూరు
29 జూలై 2024

బావా,

నువ్వు నా మంచం మీదా, నేను నీ మంచం మీదా ఉన్నాం. గోడకు మూడు దిండ్ల గుర్తు ఇంకా ఉంది. రేపు వచ్చాక నీ ఎదురుగా కూర్చుని ఇది చెప్పలేను. అందుకని రాసి ముందుగా సంతోష్‌తో పంపుతున్నాను. అక్క లేనప్పుడు చదువు.

నిన్న ముందుగా మొహసిన్ ఇంటికి పోయాను. గుల్జార్ బేగం కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది. ఎదురుగా కూర్చుని చాలాసేపు మాట్లాడింది. ఒక్క ముక్క వినబడలేదు. మళ్ళీ చెప్పమ్మా అని అడిగే ధైర్యం రాలేదు. చేతులు జోడించాను. ఆమె నా చేతులు కిందికి దించింది. సబా బయటికి రాలేదు.

ఇవాళ పొద్దున షెడ్డుకు పోయాను. చాయ్ వేళకు దశరథ్ మిషన్లు ఆపించాడు. నేను రాసుకుపోయిన కాగితం గట్టిగా చదివాను. నా మొదటి ఉత్తరం తప్పని, ఆ శిబిరంలో ఎవరి ఊపిరితిత్తులూ చూడలేదని, నార్మల్ అన్న మాట ఆ ఆరు వరసల దాకానే వర్తిస్తుందని, దాన్ని నమ్మి మొహసిన్ ఆగిపోయాడని, నీకు వచ్చిన జబ్బు పేరు ఇదని, అందరూ పోయి స్కానింగ్ చేయించుకోవాలని. అందరూ నేల మీద కూర్చుని విన్నారు. ఎవరూ నవ్వలేదు. బడిలో కూడా నా మాట అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. హమ్మయ్య, నమ్మారనుకున్నాను. లేచిపోయి గోడ మీది ఉత్తరం ఊడబెరికాను. ప్లాస్టిక్ కవరు మీద దుమ్ము ఎంత మందంగా ఉందంటే నా అక్షరాలు నాకే కనబడలేదు. చేత్తో తుడిచాను.

అప్పుడు ఒకతను నా దగ్గరికి వచ్చాడు. పేరు ఫరీద్ అట, మొహసిన్ మిషను ఇప్పుడు అతనే నడుపుతున్నాడు. ఏదో అన్నాడు. నాకు వినబడదని చెవి చూపించాను. నా జేబులో పెన్ను తీసుకుని, తన శిబిరం కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాసి నా ముందు పెట్టాడు. అతను రాసింది రాసినట్టే ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"మాకు ఎరుకనే సార్. ఎవ్వలం మంచిగ లేము. మొదట్ల గూడ ఎరుకనే. పరీక్ష జేపిచ్చుకుంటె పని బందు పెట్టుమంటరు. బందు పెట్టినంక ఏం జెయ్యాలె సార్? గది గూడ రాయుండ్రి."

నా పెన్ను నాకు తిరిగి ఇచ్చాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. కాగితం బండ మీద పెట్టుకుని నిలబడ్డాను బావా. నాకు తెలిసిన మాటలన్నీ వెతికాను. తెలుగువి, ఇంగ్లీషువి. చాయ్ గ్లాసులు ఏరుకుని పోయారు. ఒక్క అక్షరం రాయలేకపోయాను.

ఫరీద్ నా చేతిలో పెన్ను మళ్ళీ తీసుకున్నాడు. ఆ కాగితం మీదే ఇంకో వరస రాశాడు. "మిషన్ చాలు జేసేటప్పుడు గది సదువుతె జర ధైర్యముంటుండె సార్." నా ఎడమ చేతిలో ఉన్న ఉత్తరాన్ని మెల్లగా తీసుకున్నాడు. నేను పట్టు బిగించలేదు. స్విచ్‌బోర్డు పక్కన, దాని చోట దాన్ని మళ్ళీ అంటించి, నలుమూలలా బొటనవేలితో అదిమాడు. ఆ తర్వాత మిషను ఆన్ చేశాడు. ఆ చప్పుడు నాకు వినబడలేదు, కాళ్ళ కింద నేల అదిరింది. దుమ్ము లేచింది. నేను బయటికి వచ్చేశాను.

నువ్వు చెప్పిన పని చేయలేకపోయాను బావా.

నీ
పాండురంగం